నమలని కూడు

తెల్లారేసరికి ఆకాశం మూసుకుపోయి ఉంది. చినుకు రాలడం లేదు, ఎండా రావడం లేదు. ఆ మసక వెలుతురులో బోరేగౌడ గూట్లోని గ్లాసు తీసి చూశాడు. నీళ్లున్నాయి. పళ్లు లేవు.

ముందరి పళ్లు ఆయన సొంతవే. దవడ పళ్లు మాత్రం కట్టుడువి. రాత్రి తీసి గ్లాసులో వేస్తాడు, పొద్దున తొడుక్కుంటాడు. ఇంతకుముందు సెట్టు కాలవలో పుక్కిలిస్తూ పోగొట్టుకున్నాడు. ఇదీ పోగొడితే ఊళ్లో దండోరా వేయిస్తానని భార్య సణ్ణమ్మ ముందే చెప్పి ఉంది.

మంచం కింద చూశాడు. దుప్పటి దులిపాడు. కొట్టంలోకి పోయి ఎద్దు ముందున్న గడ్డిని కెలికాడు.

"ఏం వెతుకుతున్నారు గౌడరే?" వెనకనుంచి సణ్ణమ్మ.

"వేపపుల్ల."

"ఎద్దు పళ్లు తోముకుంటుందనా?"

సణ్ణమ్మ నడుముకు దోపుకున్న ఆకువక్కల సంచి విప్పి, తమలపాకు తీసి సున్నం రాసుకుంది.

"బీగరు మద్దూరు సంతనుంచి ఇటే వస్తారంట. మధ్యాహ్నం కూడు ఇక్కడే. పుంజును పట్టమంటారా?"

బీగరంటే వియ్యంకుడు చలువేగౌడ. కోడి ఎముకలు పటపటా నమిలే మనిషి. తను నములుతూ పక్కవాడి నోరు కూడా చూస్తాడు. 'నా నోట్లో ఉన్నవన్నీ మా అమ్మ ఇచ్చినవే' అని కూతురి పెళ్లినాటినుంచీ గౌడ ఆయన దగ్గర గొప్పలు పోతున్నాడు.

"కోడి వద్దు," అన్నాడు.

"వద్దా?"

"రాగిముద్ద చెయ్యి. ఆకుకూర, అలసందలు మెత్తగా ఉడికించి ఉప్పుచారు తియ్యి. ఎండుమిరప, వెల్లుల్లి కాస్త నూరు. అంతే."

"నిన్న రాత్రి పెట్టింది అదేగా! వేపుడేది, వడలేవి, ఇది ఇల్లా మఠమా అని కంచం తోసేశారు."

"నిన్నటి మాట వదిలెయ్. ఈ వయసులో తేలిగ్గా తినాలి. కడుపు చల్లగా ఉంటుంది. నీకూ రోటి దగ్గర చాకిరీ తప్పుతుంది."

సణ్ణమ్మ మొగుడి మొహంకేసి చూసింది, ఆకాశంకేసి చూసింది. "నా చాకిరీ మీకు గుర్తొచ్చిందా! అయితే ఇవాళ వాన ఖాయం."

సంచిలోంచి ఓ వక్క తీసి అందించింది. "నమలండి."

"వక్కా... ఒంటికి మంచిది కాదు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరైనా చెప్పాలా?"

ఆమె సంచి మూతి బిగించి, నడుముకు దోపుకుని లోపలికి పోయింది.

మధ్యాహ్నం చలువేగౌడ వచ్చాడు. కండువాతో మొహం తుడుచుకుంటూ వంటింటివైపు ముక్కు ఎగబీల్చాడు.

"మసాలా వాసన రావట్లేదేం బీగరే? కోడి పారిపోయిందా?"

"కోడికేం, మేమే వదిలేశాం."

కంచాలొచ్చాయి. ఒక్కో కంచంలో ఒక్కో ముద్ద, పక్కన ఆకుకూర, ఉసిరికాయంత కారం. గిన్నెలో చారు. చలువేగౌడ కంచం చూశాడు. పెరట్లో దిబ్బ మీద ఠీవిగా నిలబడ్డ పుంజును చూశాడు. మళ్లీ కంచం చూశాడు.

"ఇదేనా?"

ఈయన అలిగి లేస్తే రేపు అత్తింట్లో మాట పడేది కూతురు. నోరు తెరిచి నిజం చెప్పేద్దామనుకున్నాడు. నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"ఇదే బీగరే. రాగి, ఆకు, నాలుగు గింజలు. మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? ఆరు రకాలు వండుకోవడం, అరక్క దొర్లడం..."

"ఆగండి," అంది సణ్ణమ్మ గరిటె పట్టుకుని. "ఇది ఇవాళ్టికేనా, రోజూనా? బీగరి ముందే చెప్పండి. రేపు వేపుడు కావాలంటే ఆయన్నే పిలిపిస్తా."

గౌడ నాలుక వెనక్కి పోయి బోడి చిగుళ్లను తడిమింది.

"రోజూనే."

"రాత్రిపూట?"

"రాత్రీ."

"పండక్కి?"

"పండక్కి... పాయసం ఉండాలి."

"సరే, పాయసం ఒప్పుకున్నా."

చలువేగౌడ ఓ తుంట తుంచి, చారులో ముంచి గుటుక్కున మింగాడు. కళ్లు మూసుకున్నాడు.

"అక్కా," అన్నాడు చలువేగౌడ కళ్లు తెరిచి. "మా ఇంట్లో కోడళ్లు మూడు పొయ్యిలు వెలిగించి, నా కడుపులో నాలుగోది రాజేస్తున్నారు. ఈ చారు మొహం చూసి ఎన్నాళ్లయిందో! ఇంకో ముద్ద వెయ్యి. సంతరోజు సంతరోజూ ఇక్కడికే వస్తా. బీగరే, మాట తప్పకూడదు మరి."

"తప్పను," అన్నాడు గౌడ నీరసంగా.

"నువ్వూ కంచం తెచ్చుకో అక్కా. ఇంకా వడ్డించేదేముంది?"

సణ్ణమ్మ ఒక్క క్షణం నిలబడింది. వచ్చినవాళ్లతోపాటు కూర్చుని తినడం ఆ ఇంట్లో ఆమెకు కొత్త. కంచం తెచ్చుకుని గోడవారగా కూర్చుంది.

మండ్య సీమలో ముద్దను ఎవరూ నమలరు. తుంచడం, ముంచడం, మింగడం. నమిలేవాణ్ని చూస్తే పిల్లలైనా నవ్వుతారు. ముగ్గురూ మాట లేకుండా తింటున్నారు. ఒక్క దవడా కదలడం లేదు. బయట నిజంగానే చినుకులు మొదలయ్యాయి.

చారు పోసుకోవడానికి సణ్ణమ్మ ముందుకు వంగింది. తమలపాకులో చుట్టి పెట్టిన మొగుడి పళ్లు సంచిలోంచి నడుముకు గుచ్చుకున్నాయి. సంచిని రెండో వైపుకు జరుపుకుని, ఆమె ఇంకో తుంట తుంచి గుటుక్కున మింగింది.