ఖాళీ కవరు

"అవునో కాదో, రెండే కదమ్మా మాటలు! ఈ మూడోది ఎక్కణ్ణుంచి ఊడిపడింది?" సెక్షన్ హెడ్డు కళ్ళజోడు తీసి బల్లమీద పడేశాడు. ఆయనకి కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇక కళ్ళజోడుకి అక్కడ చోటెక్కడిది!

ప్రోగ్రామరు బెదరలేదు. నిన్న తపాలాలో తిరిగొచ్చిన ఉత్తరాన్ని ఆయన ముందుకు తోసింది. దానిమీద 'ఇల్లు తాళం వేసి ఉంది' అని పోస్ట్‌మాన్ రాసిన రాత.

"ఇది ఆ మనిషికి అందనే లేదు సార్. మన కంప్యూటరేమో 'మీ అన్నయ్య మిమ్మల్ని కలవనన్నాడు' అని తమ్ముడికి రాసి పంపేసింది."

ఆ ఆఫీసు పనే అది. చిన్నప్పుడు శరణాలయాల్లో విడిపోయి తలో ఇంటికి పెంపకానికి వెళ్ళిన తోబుట్టువుల్ని వెతికి, 'మీవాళ్ళు కలవాలంటున్నారు, మీకిష్టమేనా?' అని ఉత్తరం రాస్తారు. కింద రెండు గడులు: అవును, కాదు. ఒకదాంట్లో టిక్కు పెట్టి తిప్పి పంపాలి. కాదన్నవాళ్ళని మళ్ళీ అడగకూడదని రూలు.

"కంప్యూటరు అబద్ధం చెబుతుందా?"

"దానికి ఖాళీగా ఉండడం చేతకాదు సార్. మొదట్లో ప్రోగ్రాం రాసినవాళ్ళు ఈ జవాబుని మామూలు బూలియన్‌లో పెట్టారు. అందులో అవునో కాదో ఉండి తీరాలి. మనం ఏమీ పెట్టకపోతే అదే 'కాదు' అనేసుకుంటుంది." బల్లమీదున్న కొత్త కవరొకటి తీసి నోరు తెరిచి చూపించింది. "ఆ బూలియన్‌నే ఇలా ఓ కవర్లో పెడతాం. రాపర్ క్లాస్ అంటే అంతే. తెరిస్తే లోపల అవును ఉండొచ్చు, కాదు ఉండొచ్చు. ఏమీ లేకపోతే జవాబింకా రాలేదని అర్థం."

హెడ్డు నిజంగానే కవర్లోకి తొంగిచూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నీ అర్జీకి కూడా 'కాదు' అనే కదూ వచ్చింది?"

"ఆరేళ్ళయింది సార్."

ఆరేళ్ళుగా రోజూ పొద్దున్నే తన అర్జీ తెరిచి ఆ 'కాదు' చూసుకుని పని మొదలుపెడుతోంది. అక్క ముఖం కూడా సరిగ్గా గుర్తులేదు. గుర్తున్నదల్లా జడ. అక్క ఏం చేసినా గట్టిగా చేసేది, కళ్ళు లాగేంత బిగించి అల్లేది. ఆ నొప్పి కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

హెడ్డు మెత్తబడ్డాడు. "సరే, మార్చు. కానీ అన్నీ గంపగుత్తగా ఖాళీ చేసేస్తానంటే కుదరదు. రికార్డు గదిలో ఒక్కో కాగితం చూడు. కాదని రాసినవాళ్ళకి కాదనే ఉండాలి. జవాబు రానివాళ్ళనే ఖాళీగా పెట్టు, వాళ్ళని మళ్ళీ అడుగుదాం."

రికార్డు గది చూసే పెద్దాయన్ని ఆఫీసంతా దుమ్ము బాబాయ్ అంటారు. ఆయన ఫైళ్ళు దింపి అందిస్తుంటే, ఆమె ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మూడు రోజులు కూర్చుంది. జవాబు లేని ఫైలు దొరికినప్పుడల్లా బాబాయ్ ముఖం చాటంత అయ్యేది.

రెండో రోజు ఒక ఫైల్లో 'కాదు' అన్న టిక్కు కనబడింది. అక్కని వెతుకుతున్నది ఒక తమ్ముడు. ఏటా ఓ అర్జీ పెట్టాడు.

"పాపం, దీన్ని కూడా ఖాళీ చేసేద్దామా?" అన్నాడు బాబాయ్. "ఎవరు చూడొచ్చారు?"

ఆమె గయ్యిమంది. "తప్పు బాబాయ్! ఆవిడ నోరు తెరిచి చెప్పిన మాట అది. మనమెవరం తీసేయడానికి? అదే పని చేసిందనే కదా కంప్యూటర్ని తిడుతున్నాం?"

బాబాయ్ చెంపలేసుకుని ఇంకో కట్ట దింపాడు.

మూడో రోజు మధ్యాహ్నం చేతికొచ్చిన ఫైలు మీద తన పేరే ఉంది. ఆమె దాన్ని తెరవకుండా ల్యాప్‌టాప్ మూసేసింది.

"బాబాయ్, టీ తాగాలనుంది."

"టీ తాగాలని లేదు, నన్ను బయటికి పంపాలనుంది. వెళ్తాలే," అన్నాడాయన.

టీ తెచ్చేసరికి ఫైలు ఆమె ఒళ్ళో మూసి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఉందా?"

"లేదు బాబాయ్. అక్క దగ్గర్నుంచి ఉత్తరమే రాలేదు."

"చూశావా! సొంత అక్క, కాదని ఎందుకంటుంది!" టీ తొణికి చొక్కా మీద పడ్డా ఆయన చూసుకోలేదు.

సాయంత్రానికి మార్పు పూర్తయింది. ఖాళీగా ఉన్నవాళ్ళందరికీ కొత్త ఉత్తరాలు అచ్చయ్యాయి. హెడ్డు ఒక్కోదానిమీద సంతకం చేస్తూ, అక్క ఉత్తరం రాగానే ఆగి ఆమెని పిలిచాడు.

"దీన్ని నువ్వే అంటించమ్మా. ఈసారి అవునంటుంది, చూస్తూండు."

ఆమె తలూపింది. అంచులు రెండుసార్లు ఒత్తి మరీ కవరు అంటించి తపాలా సంచిలో వేసింది. బ్యాగు భుజానికి తగిలించుకుని బయటికి నడిచింది.

ఆ బ్యాగు అడుగున, నాలుగు మడతలు పెట్టిన పాత కాగితంలో, 'కాదు' అన్న గడిలో అక్క పెట్టిన టిక్కు కాగితం చిరిగేంత గట్టిగా దిగి ఉంది.