ఓదెలు ఇంటి బంబా

కార్వాన్ గల్లీల్లో స్నానం చేసేవారికీ, చేయనివారికీ సమానంగా తెలియజేయునది ఏమనగా, నీళ్ళు కాచే రాగి బంబా అడుగు కారి నిప్పు ఆరిపోతున్నా, నీళ్ళు పచ్చగా వస్తున్నా, లోపల ఎద్దులా రంకె వేస్తున్నా ఇక దాన్ని మార్చవలసిందే.

పాలమ్మే ఓదెలు ఇంటి బంబాకు ఈ మూడు జబ్బులూ ఉన్నాయి. వాడు అడుగుకు సున్నం, బెల్లం మెత్తాడు. ఆవిరి వృథాగా పోతోందని మూత చుట్టూ గుడ్డ కుక్కి, పైన ఇసుర్రాయి పెట్టాడు.

"అన్నా, నువ్వన్న జెప్పు. నేనంటే కట్టె తీస్కుంటుండు," అంది వాడి భార్య బుచ్చమ్మ, పక్కింట్లో ఉండే నాతో.

మర్నాడే వెళ్ళి చెప్పాను.

"లడాయి రోజులల్ల రాగి యాడ దొర్కుతది? నీ అసొంటోడు జెప్తె మా బాపు కొన్న బంబా పారెయ్యాల్నా?" అంటూ మండే కట్టెతో నా వీపు మీద బాదాడు.

నాలుగో రోజు పొద్దున బంబా పేలింది. ఎగిరిన ఇసుర్రాయి ఓదెలు దవడ విరగ్గొట్టింది. మరిగే నీళ్ళు పడి బుచ్చమ్మ రెండు చేతుల తోలు ఊడిపోయింది.

"అన్న జెప్పిండు, మా ఆయినె ఇనలె," అంటూ ఆమె ఆ చేతులతోనే నాకు దండం పెడుతుంది. పక్కన ఓదెలు ఏదో అనబోతాడు. దవడ కదలదు.

వాడు అనబోయేది నాకు తెలుసు. ఆ కట్టెదెబ్బ నేను బుచ్చమ్మకు చెప్పిన కల్పన. బంబా ఎంతెత్తు ఎగురుతుందో చూద్దామని నేనసలు చెప్పనే లేదు.