ఆయన తిన్నాకే

“నన్ను గోకమంటావేంటే డయానా? చెయ్యి దురదగా ఉంటే నువ్వే గోక్కో!”

సంపూర్ణమ్మ మంచం మీంచే కోడలి మీద గయ్యిమంది.

“గోకమన్లేదత్తయ్యా, గ్వాకమోలే. బటర్ ఫ్రూట్ పచ్చడి. మీకోసమే చేస్తున్నా.”

“నాకొద్దు. ఆయన తిన్నారా?”

పటమటలోని ఆ ఇంట్లో పెళ్ళయిన నాటి నుంచీ సంపూర్ణమ్మకి అదే చట్టం. ఆయన తినందే తను ముద్ద ముట్టదు. ఇప్పుడావిడకి తిన్నదీ గుర్తుండదు, తిననిదీ గుర్తుండదు. చట్టం మాత్రం చెక్కుచెదర్లేదు. నిన్నంతా బల్ల దగ్గర కుర్చీ ఖాళీ. ఆవిడ కడుపూ ఖాళీ.

సాయంత్రంలోగా ఏదో ఒకటి దిగకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందేనన్నాడు డాక్టరు. పీకేసుకోకుండా చేతులు మంచానికి కడతారట. అందాకా మెత్తగా, బలంగా ఉండేదేదైనా పెట్టి చూడమన్నాడు.

డయానా పండు కోసి గింజ తీసింది. గుజ్జు గిన్నెలోకి తోడి పప్పుగుత్తితో మెదిపింది. ఉల్లిపాయ, టమాటా సన్నగా తరిగి వేసింది. కొత్తిమీర, ఉప్పు వేసి, మిరపకాయ జోలికి పోకుండా నిమ్మకాయ పిండింది.

“మామయ్యగారు వచ్చేశారత్తయ్యా! నిన్న ఏలూరు పని తెమల్లేదంట.”

ఆయన కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“ఏం సంపూర్ణం! ఒంట్లో వెన్నుపూస తప్ప ఏం మిగల్లేదు. కాస్త వెన్నపూసలాంటిది తిందాం, రా.”

సంపూర్ణమ్మ మొహం విప్పారింది. “మీ మాటల గారడీకేం గానీ, ముందు మీరు కానివ్వండి.”

ఆయన గిన్నె ఖాళీ చేశాడు. “పేరుకి గ్వాకమోలే, తీరా తింటే గోల్‌మాలే! బాగుంది సంపూర్ణం.”

డయానా ఇంకో గిన్నెలోంచి చెంచాడు తీసి అత్తగారి నోటి దగ్గర పెట్టింది. ఆవిడ పెదాలు బిగించింది.

“ఆయన తినకుండానా? సిగ్గులేదూ నాకు?”

“ఇప్పుడేగదత్తయ్యా తిన్నారు!”

“అబద్ధాలాడకు. ఏమండీ, మీరు తినండి.”

ఆ గిన్నె కూడా ఆయనే తిన్నాడు. డయానా మరో పండు కోసింది. మళ్ళీ చెంచా, మళ్ళీ బిగిసిన పెదాలు, మళ్ళీ అదే మాట. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

“ఇక వద్దండీ,” అంది డయానా మెల్లగా. “వాంతవుద్ది.”

“పెట్టమ్మా. గొట్టం కంటే ఇదే నయం.”

ఈసారి గిన్నె ఆయనే అందుకున్నాడు. కుర్చీ మంచం పక్కకి జరుపుకున్నాడు. ఒక చెంచా తన నోట్లో పెట్టుకుని, అది మింగకముందే రెండో చెంచా ఆవిడ నోటికందించాడు. ఆయన దవడలు ఆడుతూనే ఉన్నాయి. ఆవిడ కళ్ళు ఆ దవడల మీదే ఉన్నాయి. మర్చిపోయే సందు లేదు.

సంపూర్ణమ్మ నోరు తెరిచింది.

“నాదో గుటక, నీదో గుటక. మన కాపురమంతా ఇట్టాగే గుటుక్కుమని గడిచిపోయింది గదూ!”

“చాల్లెండి, కోడలు వింటంది.”

గిన్నె అడుగు కనిపించింది. డయానా గోడకి చేరబడి ఊపిరి పీల్చుకుంది. ఈ పూటకి చేతులు కట్టక్కర్లేదు.

“ఏమండీ, పాల్‌కి ఉంచారా? ఆటోనగర్ నుంచి ఆకలితో వస్తాడు పిల్లోడు.”

“వాడు తిన్నాడు సంపూర్ణం. కడుపునిండా తిన్నాడు.”

“ఎప్పుడొచ్చాడు? నాకు కనపళ్ళేదే!”

డయానా గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చనిపోయిన తండ్రి కళ్ళజోడు సవరించుకుని, తల్లి మూతి తుడిచాడు పాల్.