బంతి పోయిన రోజులు

బంతి మళ్లీ పోయింది.

“సరిగ్గా ఇరవై నాలుగు బంతులు వేశాను. అంతే, పోయింది!” అంది ఫాస్ట్ బౌలర్, నడుం మీద చేతులు పెట్టుకుని.

నెట్స్ వెనకున్న పొదల్లోంచి బంతులందించే ముసలాయన తల బయటపెట్టాడు.

“కనబడట్లేదమ్మా. రేపు వెతికిపెడతాలే.”

“నిన్నా ఇదే మాటన్నావు తాతా!”

“నిన్నటిది దొరికిందిగా.”

దొరక్కేం, దొరికింది. పొద్దున్నే జేబులోంచి తీసి మరీ ఇచ్చాడు. ఒంటరిగా ప్రాక్టీసు చేసేవాళ్లకు స్టోరు మేనేజర్ సంతకం పెట్టించుకుని ఒక్కటంటే ఒక్క బంతి ఇస్తాడు. అది పోతే ఆ రోజుకు సంచి సర్దుకోవాల్సిందే. పిసినారితనంలో ఆయనకు ఆయనే సాటి.

ఆమెకు ఒళ్లు మండింది. మండదూ మరి! జట్టు ఎంపికకు మూడు వారాలే ఉంది. నాన్న గుండె ఆపరేషన్ కోసం ఐదు వారాలు ఆసుపత్రి బెంచీ మీదే గడిపింది. “ఇక నా మొహం చూసింది చాలు, పోయి ఆడుకో” అని ఆయనే తరిమితే వచ్చింది. కోచ్ చూస్తే సీనియర్ జట్టు వెంట ఊళ్లు తిరుగుతున్నాడు. పోయిన రోజులన్నీ ఈ మూడు వారాల్లోనే రాబట్టుకోవాలి.

తిరిగొచ్చిన మొదటి రోజే ముసలాయన అడ్డుపడ్డాడు.

“ఐదు వారాలు ఆగిన ఒళ్లమ్మా. మెల్లగా మొదలుపెట్టు.”

“జబ్బుపడింది నాన్న, నేను కాదు. నాకేం తాతా, గుండ్రాయిలా ఉన్నాను.”

“అందుకేనమ్మా భయం.”

“నీ పని బంతులందించడం. వెయ్యడం నాకొదిలెయ్.”

ఆ రోజే మొదటిసారి బంతి పోయింది.

జట్టులో అందరూ ఆయన్ని నిటారు తాత అంటారు. కింద పడ్డ బంతిని అందరిలా వంగి తీయడు. ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది నేలకు ఆనించి, వీపు కడ్డీలా నిలబెట్టి తీస్తాడు.

“తాత బంతికి దండం పెడుతున్నాడు, ఎవరూ మాట్లాడకండి!” అని అందరికంటే ముందు ఆటపట్టించేది ఈమే. ఆయనా నవ్వేసేవాడు.

మూడో రోజు ముప్ఫై బంతులకు పోయింది. నాలుగో రోజు ఏకంగా నెట్స్ తాళంచెవే పోయింది. ఐదో రోజు మళ్లీ ముప్ఫైకి. ఆరో రోజు ముప్ఫై ఆరుకి. ఏడో రోజూ ముప్ఫై ఆరుకే.

ఆమె ఓపిక నశించింది. ఏ రోజు ఎన్ని బంతులకు పోయిందో తేదీలతో సహా ఫిర్యాదు రాసి, ఫోన్‌లో ఫొటో తీసుకుని, కాగితం మేనేజర్ బల్ల మీద పెట్టింది.

“ఇన్ని బంతులే!” మేనేజర్ గబగబా స్టాకు పుస్తకం తెరిచాడు.

“బంతులు దొరుకుతున్నాయి సార్. నా ప్రాక్టీసే దొరకట్లేదు.”

ముసలాయనను పిలిపించారు.

“ఏమయ్యా, ఏమంటావు?”

“చూపు ఆనట్లేదు సార్. తప్పు నాదే.”

“అయితే రేపట్నుంచి రావద్దు.”

అంతదాకా వస్తుందని ఆమె అనుకోలేదు. ఏదో చెప్పబోయింది. ఎంపిక గుర్తొచ్చి ఊరుకుంది.

ముసలాయన గుమ్మం దగ్గర ఆగాడు.

“రేపు నలభై రెండు చాలమ్మా.”

“ఏంటి తాతా?”

“ఏం లేదులే. నాన్నగారిని బాగా చూసుకో.”

మర్నాటి నుంచి బంతి పోలేదు. కొత్తగా వచ్చిన మనిషివి డేగ కళ్లు. మొదటి రోజు తొంభై వేసింది. రెండో రోజు వంద దాటింది. “ఇన్నాళ్లకు ప్రాణం లేచొచ్చింది నాన్నా” అని ఇంటికెళ్లి సంబరంగా చెప్పింది కూడా.

అయిదో రోజు, పరుగెత్తుకొచ్చి ఎడమకాలు నేలకు తన్నేసరికి నడుంలో ఏదో పుటుక్కుమంది.

తలపండిన ఎముకల డాక్టర్ స్కాన్‌ను వెలుతురుకి ఎత్తి చూశాడు.

“వెన్నుపూసలో పగులమ్మా. ఆరు నెలలు బంతి ముట్టుకోకూడదు.”

పక్కనే కూర్చున్న నాన్న ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మొన్నటిదాకా ఆ చేతిని పట్టుకుని కూర్చున్నది ఆమె.

“మళ్లీ ఆడగలనా సార్?”

“ఆడతావు. అదృష్టం బాగుంది, పగులు సన్నదే. ఆట మానేసి వచ్చాక మొదటి వారం ఎన్నెన్ని వేశావు?”

ఆమె ఆ రోజు తీసుకున్న ఫొటోను ఫోన్‌లో చూపించింది. డాక్టర్ కళ్లద్దాలు సవరించుకుని చదివాడు.

“ఇరవై నాలుగు, ఇరవై నాలుగు, ముప్ఫై, ఒక రోజు సెలవు... ఈ లెక్క నీకెవరిచ్చారు?”

“లెక్క కాదండీ, ఫిర్యాదు.”

“రెండోసారి ముప్ఫై ఆరు తర్వాత నలభై రెండు ఉండాలే. ఏదీ?”

ఆమె ఫోన్ వెనక్కి తీసుకుని మళ్లీ చూసింది.

“మీకెలా తెలుసు సార్?”

“నేను రాసిందేనమ్మా ఇది. నలభై ఏళ్ల కిందట, ఒకే ఒక్కడికి. నీలాగే ఫాస్ట్ బౌలర్. వాళ్లమ్మ మంచాన పడితే ఆట మానేసి రెండు నెలలు చాకిరీ చేశాడు. మళ్లీ మొదలుపెట్టే ముందు నా దగ్గరికొచ్చాడు. ఈ కాగితం రాసిచ్చాను. మడిచి జేబులో పెట్టుకుని, ఆ రోజే వంద బంతులు వేశాడు.”

“ఆయన... ఇప్పుడు ఎక్కడున్నారు?”

“తెలియదమ్మా. నడుంలో కడ్డీలు వేసి పంపించాను. ఎక్కడున్నా సరే, కింద పడ్డ బంతి తియ్యాలంటే వాడు రెండు మోకాళ్లూ నేలకు ఆనించాల్సిందే.”