ఏడింటిలోగా ఒక బండి

"ఏడింటిలోగా ఒక్క కారైనా అమ్ముడుపోవాలి. లేకపోతే రేపట్నించి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు షోరూమ్ మేనేజరు, టీ కప్పులోంచి తల ఎత్తకుండా.

"సరే సార్" అని సేల్స్‌మన్ టై సర్దుకున్నాడు. చేరి మూడు నెలలైంది. ఒక్క కారూ అమ్మలేదు. ఉన్నవే రెండు. ఎర్ర మజిల్ కారు, నల్ల లగ్జరీ సెడాన్. రోజూ తుడిచి తుడిచి, తన మొహం ఏ కార్లో ఎంత దిగులుగా కనబడుతుందో అతనికి బాగా తెలిసిపోయింది. ఎర్ర కార్లో కొంచెం నయం.

నాలుగున్నరకి గళ్ళ చొక్కా ఆయనొకడు వచ్చాడు. చేతిలో నోటుబుక్కు, జేబులో రెండు పెన్నులు. అద్దాల గదిలోకి వెళ్ళి మేనేజరుతో ఏదో మాట్లాడాడు. మేనేజరు సేల్స్‌మన్ వైపు చెయ్యి చూపించాడు.

"ఈ రెండిట్లో ఏది మంచిదండీ?" అన్నాడు గళ్ళ చొక్కా, దగ్గరకొచ్చి.

సేల్స్‌మన్‌కి ప్రాణం లేచొచ్చింది. "ఇంట్లో ఎంతమంది సార్?"

"నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు."

"అయితే సెడానే సార్. నాలుగు తలుపులు. మజిల్ కారుకి రెండే. ముందు సీటు మడిచి, వంగి, వెనక్కి దూరాలి. అత్తగారు ఎక్కలేరు."

ఆయన ఎర్ర కారు వైపు ఆశగా చూశాడు. "అస్సలు ఎక్కలేరా?"

"ఎలాగో ఎక్కినా, దిగలేరు సార్."

"అబ్బే, అయితే వద్దు" అని నోటుబుక్కులో రాసుకున్నాడు. "మరి వేగం?"

"సున్నా నుంచి వందకి రెండూ నాలుగున్నర సెకన్లే."

"మా ఇంటి నుంచి ఇక్కడికి గంటన్నర పట్టిందండీ."

"ఏ కార్లో వచ్చినా గంటన్నరే సార్. మజిల్ కార్లో అయితే మీరొస్తున్నట్టు వీధి వీధంతా తెలుస్తుంది. సెడాన్‌లో మీక్కూడా తెలియదు."

మాటతో ఆగకుండా ఎర్ర కారు స్టార్ట్ చేశాడు. అద్దాలు గడగడలాడాయి. మేనేజరు టీ సాసర్లోకి ఒలికింది. అది ఆపి నల్ల కారు మీట నొక్కాడు. ఇద్దరూ నిలబడ్డారు.

"ఎప్పుడు స్టార్టవుతుందండీ?"

"అయి రెండు నిమిషాలైంది సార్."

ఆయన అదీ రాసుకున్నాడు. సేల్స్‌మన్ ఫోన్ మోగింది. భార్య మెసేజ్. 'అమ్మేశారా? మా అక్కకి చెప్పెయ్యనా?' సేల్స్‌మన్ 'ఆగు' అని కొట్టాడు.

ధర ఎంతని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. ధర అడగనివాళ్ళే కొంటారని సేల్స్‌మన్ గట్టి నమ్మకం. కొన్నవాళ్ళని ఇంతవరకూ చూడలేదు కాబట్టి ఆ నమ్మకం చెక్కుచెదరలేదు.

"ఆ టై మీదేనా?" అన్నాడాయన ఉన్నట్టుండి.

"కంపెనీది సార్. ఇక్కడ సేల్స్‌మన్ ఒక్కడే, టై కూడా ఒక్కటే. చేరిన రోజు మేనేజరు గారే కట్టారు."

"రోజూ కట్టుకోవడం కష్టం కాదూ?"

"ఆ ముడి ఇంతవరకూ విప్పలేదు సార్. వదులు చేసి తల మీంచి తీసేస్తా."

ఆరున్నర అయింది. ఆయనింకా రాస్తూనే ఉన్నాడు. "ఎటూ తేల్చుకోనివాళ్ళని మీరెలా ఒప్పిస్తారండీ?"

సేల్స్‌మన్ దగ్గర ఇక మిగిలింది నిజం ఒక్కటే. గొంతు తగ్గించి అదీ బయటపెట్టేశాడు. "భార్యాభర్తలొస్తే, ముందు ఆయనకి ఎర్ర కారు చప్పుడు వినిపించాలి. ఆ మైకంలో ఉండగా ఆవిణ్ణి నల్ల కారు వెనక సీట్లో కూర్చోబెట్టాలి. ఆవిడ ఇంక లేవరు. ఆవిణ్ణి లేపలేక ఆయన సంతకం పెట్టేస్తారు."

"అలా ఎంతమంది పెట్టారు?"

"ఇంకా ఎవరూ పెట్టలేదు సార్. పద్ధతి మాత్రం ఇదే."

ఆయన 'పద్ధతి' అని రాసి కింద గీత గీశాడు.

"ఇవన్నీ కస్టమర్‌కి చెప్పకూడదు సార్. మీరు నా మనిషి అనిపించి చెప్పా."

"తెలుస్తోందండీ" అన్నాడాయన, కొంచెం ఇబ్బందిగా.

ఏడుకి పది నిమిషాలుండగా నోటుబుక్కు మూసి అద్దాల గదిలోకి వెళ్ళాడు. మేనేజరు లేచి చెయ్యి కలిపాడు. సొరుగులోంచి కాగితాలు తీశాడు. ఆయన ఒకచోట, తిప్పి ఇంకోచోట సంతకం పెట్టాడు.

అద్దంలోంచి చూస్తున్న సేల్స్‌మన్ టై సర్దుకున్నాడు. ఫోన్ తీసి 'చెప్పెయ్' అని కొట్టాడు.

క్షణంలో జవాబొచ్చింది. 'ఎప్పుడో చెప్పేశా. పక్కింటివాళ్ళక్కూడా.'

గళ్ళ చొక్కా ఆయన బయటికొచ్చాడు. సేల్స్‌మన్ ఎదురెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీ మేలు మర్చిపోను సార్. ఇంతకీ ఎరుపా, నలుపా?"

ఆయన చేతులు మెల్లగా విడిపించుకుని, అతని మెడకేసి చూశాడు.

"ఏమీ అనుకోకండి, ఆ టై ముడి విప్పకుండా ఇస్తారా? రేపు పొద్దున్న తొమ్మిదింటికల్లా కట్టుకుని రమ్మన్నారు, నాకేమో ముడి వెయ్యడం రాదు."