పైడితల్లి విస్తరి

రొయ్యల కంపెనీ గేటు దగ్గర రోజూ పొద్దున్నే మా నాలికల మీద రెండు చుక్కల మందు వేస్తారు. మొదట్లో దిగులు జబ్బున్న వాళ్లకే వేసేవారు, అదీ ప్రయోగమని సంతకాలు పెట్టించుకుని. ఇప్పుడు టీ ఇచ్చినట్టు అందరికీ ఇస్తున్నారు, ఇళ్లకీ సీసాలు పంపుతున్నారు. చావు సెలవు మాత్రం ఎత్తేశారు. దిగులే లేనప్పుడు సెలవెందుకమ్మా అన్నాడు సూపర్‌వైజరు.

నా కూతురు పైడితల్లి మంగళవారం జ్వరంతో పోయింది. బుధవారం నేను పనిలో ఉన్నాను. గంపెడు రొయ్యలు ఒలిచాను. కంట్లో చెమ్మ కూడా రాలేదు.

మూడో రోజు, చిన్నదినం నాడైనా దానికోసం ఏడవాలనుకున్నాను. ఆ పొద్దున గేటు దాటగానే చుక్కల్ని తొక్కల గంపలో ఉమ్మేశాను.

మధ్యాహ్నం పని దిగి ఇంటికొచ్చి, దానికిష్టమైన చేపల పులుసు వండాను. కాకులకి పెట్టడానికి విస్తరి పట్టుకుని గుమ్మం దాకా వెళ్లేసరికి దుఃఖం తన్నుకొచ్చింది. విస్తరి అక్కడే దించి, "నన్నొదిలి ఎలా పోయావే తల్లీ" అంటూ కూలబడ్డాను.

వచ్చిన చుట్టాల్లో ఒక్కరూ నాతో గొంతు కలపలేదు. మా అక్క పిల్లల్ని లోపలికి పంపేసింది.

"దీనికి జబ్బు చేసింది," అంటూ మా ఆయన చుక్కల సీసా తెచ్చాడు. "నోరు తెరువు."

తెరిచాను.

అరగంటలో అందరితోపాటు భోజనాల బంతిలో కూర్చున్నాను. పులుసు బాగా కుదిరిందే అంది అక్క. నిజంగానే కుదిరింది. ఇంకో రెండు ముక్కలు తినాలనిపించింది కానీ గిన్నె ఖాళీ.

గుమ్మం పక్కన పైడితల్లి విస్తరి అలాగే ఉంది. అందులోవి తీసుకుని తినేశాను.