ఖాళీ కొక్కెం

కంట్రోల్ రూమ్ తలుపు కొద్దిగా తెరుచుకుంది. ఒక ముసలాయన తల లోపలికి పెట్టాడు.

"ఇంకా పనుందా అమ్మా?"

"ఉంది బాబాయ్. కాస్త తలుపు వేసేయండి," అంది పరిశోధకురాలు తెర మీంచి చూపు తిప్పకుండా.

తలుపు మూసుకుంది.

యంత్రం భూమి కింద సొరంగంలో ఉంది. అణువు కన్నా చిన్న కణాలను పరుగెత్తించి, ఏ జట్టుకా జట్టు తెచ్చుకుని బిగించే చట్రంలోని రేకుకు కొడుతుంది. ఆ దెబ్బకు ఏం పుట్టిందో పైన తెర మీద కనిపిస్తుంది. విశ్వంలో కంటికి కనిపించని పదార్థం జాడ అక్కడ దొరుకుతుందని ఆమె ఆరేళ్ళుగా వెతుకుతోంది.

ఆ సాయంత్రం యంత్రాన్ని ఆపేస్తారు. మళ్ళీ నడపరు. విప్పేస్తారు.

ఆమె వంతు పొద్దున్నే అయిపోయింది. అందులో సగం, చెడిపోయిన అయస్కాంతాన్ని బాగుచేయడానికే సరిపోయింది. ఆఖరి వంతు వేరే జట్టుది.

అక్కడొక పద్ధతి ఉంది. గోడకు రెండు కొక్కేలు. ఒకదానికి ఆమె ఎర్ర బిళ్ళ వేలాడుతోంది. తర్వాతి జట్టు వచ్చి రెండో కొక్కేనికి నీలం బిళ్ళ తగిలించాలి. తగిలించేదాకా యంత్రం ముందునుంచి వాడుతున్నవాళ్ళదే.

రెండో కొక్కెం ఖాళీగా ఉంది.

"రాలేదా వాళ్ళు?"

"రాలేదు మేడమ్," అన్నాడు ఆపరేటర్. "పాతికేళ్ళుగా అడుగుతుంటే ఇప్పటికి వంతు ఇచ్చారట. తీరా ఇస్తే పడుకున్నట్టున్నారు మహానుభావులు."

"పాతికేళ్ళు అడిగినవాళ్ళు రాకుండా ఉంటారా?"

"వస్తే తెలియదా? పెట్టెలు, వైర్లు, వెనకాల ఓ మంద. మీరు కానివ్వండి."

ఆమె మంచినీళ్ళకని బయటికొచ్చింది. వరండా బెంచీ మీద ముసలాయన కూర్చునే ఉన్నాడు. ఒళ్ళో గుడ్డలో మూటగట్టిన స్టీలు డబ్బా.

"ఇంకెంతసేపు కూర్చుంటారు బాబాయ్? మీరు తినేయండి. లోపల పని ఇప్పట్లో తెమలదు."

"పర్లేదులే. ఇప్పుడు ఆపితే ఏమవుతుందమ్మా?"

"నా ఆరేళ్ళు మట్టిలో కలుస్తాయి. ఇంకో మెషీన్ లేదు." ఆమె గ్లాసులో నీళ్ళు నింపుకుంది. "వాళ్ళు రాకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. పాపమేమో కదా?"

ఆయన ఒళ్ళోని డబ్బా వైపు చూశాడు. మూట ముడి వదులైందేమో, విప్పి మళ్ళీ గట్టిగా కట్టాడు.

"ఆపకు తల్లీ," అన్నాడు. "కనిపిస్తే నాకూ చెప్పు."

"తప్పకుండా."

మధ్యాహ్నం దాటాక తెర మీది గీతలో, ఆమె ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్న చోటే చిన్న గుట్ట లేచింది. ఆమె ఊపిరి బిగబట్టింది. గుట్ట పోలేదు. పెరిగింది.

ఆమె మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. ఆపరేటర్ ఫోన్లు చేశాడు. గది నిండా జనం చేరారు. ఎవరో ఆమెను ఎత్తి తిప్పారు. చెబుతానన్న మాట ఆమెకు గుర్తు రాలేదు.

సాయంత్రం ఆపరేటర్ స్విచ్ దించాడు. రాత్రీ పగలూ వినిపించే హోరు ఆగిపోయింది. జనం కూడా వెళ్ళిపోయారు.

ఆపరేటర్ వరండాలోకి వెళ్ళి డబ్బాతో తిరిగొచ్చాడు.

"మీ నాన్నగారు ఇది వదిలేసి వెళ్ళిపోయారు మేడమ్."

"మా నాన్నా? ఆయన పోయి చాలా ఏళ్ళయింది. బయట కూర్చున్నాయన మీ మామగారు కాదూ?"

"నాకింకా పెళ్ళే కాలేదు!" నవ్వబోయి ఆగాడు. "మీ నాన్నగారనే పొద్దుట్నుంచీ టీలు తెచ్చిచ్చాను. వెళ్తూ 'అమ్మాయికి దొరికిందా?' అనడిగారు. దొరికిందన్నాను. 'మంచిది' అన్నారు. అంతే."

ఆమె మూట ముడి విప్పింది. గట్టిగా కట్టిన ముడి. గోళ్ళతో లాగాల్సి వచ్చింది.

డబ్బాలో అన్నం లేదు.

దూది మధ్య ఒక చట్రం ఉంది. అంచులు చేత్తో ఆకురాయి పట్టి నునుపు చేసినవి. చట్రంలో రేకు. మూడు మూలల మూడు బెజ్జాలు, ఆమె చట్రానికి ఉన్నట్టే. అలాంటిది ఆ యంత్రంలో తప్ప ఇంకెక్కడా పట్టదు.

రేకు మీద దెబ్బ తగిలిన మచ్చ ఒక్కటీ లేదు.

ఆమె చట్రాన్ని పైకి తీసింది. దాని కింద దూదిలో, రోజంతా ఖాళీగా ఉన్న కొక్కేనికి తగలాల్సిన నీలం బిళ్ళ ఉంది.